కువైట్ టెక్నిక్స్, కడప బండ: ఒక పాత టర్న్‌టేబుల్ కేస్ స్టడీ

ఆటోలోంచి రెండు అట్టపెట్టెలు, ఒక తువ్వాలు మూట దిగాయి. పెట్టెలు దించడానికి నేనూ మా కుర్రాడూ ఇద్దరం పట్టాం. మూటను మాత్రం సారు ఎవరి చేతికీ ఇవ్వలేదు. అంగట్లో స్టూలు మీద కూర్చున్నాక కూడా ఒళ్లోనే పెట్టుకున్నారు. వెనకాలే ఆయన మేనల్లుడు, చంకలో ఈమధ్యే కొన్న, బెల్టుతో తిరిగే రికార్డు ప్లేయరు.

"ఈ రెండిట్లో ఏది ఉంచుకోవల్ల, ఏది వదిలించుకోవల్ల? అల్లుడేమో పాతది తూకానికి వేయమంటాండాడు. నాకు మనసొప్పలే. నువ్వు చూసి చెప్పప్పా," అన్నారు సారు.

మొదటి పెట్టె తెరిచాను. టెక్నిక్స్ ఎస్పీ-10 మార్క్ 2, రికార్డును తిప్పే యంత్రం. కడప ఏడురోడ్ల దగ్గర ముప్ఫయ్యేళ్లుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు, నాటకాల మైకుసెట్లు బాగుచేస్తున్నాను. ఈ యంత్రాన్ని సర్వీసు మాన్యువల్ బొమ్మల్లో చూడటమే తప్ప చేత్తో తాకింది లేదు. తూకానికి వేస్తే 12 కిలోల ఇనుమూ అల్యూమినియమూ వస్తాయి, అంతే.

సారు రిటైరైన తెలుగు లెక్చరర్. సొంతూరు రాయచోటి పక్క పల్లె. ఆయన చిన్నాయన కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేశాడు. ఆ ఇంటివాళ్లు సీడీలకు మారాక ఈ ప్లేయరు మూలన పడింది. 1988లో ఆయన సెలవుకు వస్తుంటే "నువ్వు తీసుకుపో" అన్నారట. మోటారును పొదిగిన దిమ్మె విమానం లగేజీకి మించిపోతుందని అక్కడే వదిలేసి, మోటారునూ దాని పవర్ సప్లైనీ పెట్టెల్లో సర్ది, టోన్‌ఆర్మును, అంటే ముల్లును మోసే చేతిని, తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. ఆ తువ్వాలే ఈ తువ్వాలు. ఊళ్లో వడ్రంగి చెక్క పలకకు బెజ్జం కొట్టి బిగిస్తే కొన్నేళ్లు పాడింది. తర్వాత ఒకరోజు ఆగిపోయింది, ఎవరో బాగుచేశానన్నారు, మళ్లీ ఆగింది. ఈసారి ఎవరూ పట్టించుకోలేదు.

సారు ఇప్పుడు దాన్ని బయటికి తీయడానికి ఒక కారణం ఉంది. వాళ్ల నాయనకు పద్యనాటకాల పిచ్చి. ఆయన కొన్న 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) ప్లేట్లు 64, సారు తర్వాత కొనుక్కున్న ఎల్పీలు 140 దాకా ఇంట్లో ఉన్నాయి. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి అన్నదమ్ముల పిల్లలందరికీ ఇవ్వాలని ఆయన కోరిక. మేనల్లుడు కొన్న కొత్త ప్లేయరుకు 33, 45 స్పీడులే ఉన్నాయి. 78 లేదు.

యంత్రం సంగతి

పళ్లేన్ని తిప్పడానికి మూడు దారులు. రబ్బరు చక్రం ఒకటి మోటారుకూ పళ్లెం అంచుకూ మధ్య ఒరుసుకుంటూ తిప్పడం మొదటిది. 1950ల నాటి ఇంగ్లండు గ్యారార్డ్ 301 ఆ జాతిదే. బెల్టుతో తిప్పడం రెండోది. మూడోది డైరెక్ట్ డ్రైవ్. అందులో మోటారు ఇరుసే పళ్లేనికి ఇరుసు, మధ్యలో ఏమీ ఉండదు. ఆ పద్ధతిలో అమ్మకానికి వచ్చిన మొదటి టర్న్‌టేబుల్ 1970 నాటి టెక్నిక్స్ ఎస్పీ-10. ఇంజినీరు షుయిచి ఒబాటా బృందం చేసిన పని అది. మార్క్ 2 వచ్చింది 1975లో. దానికి క్వార్ట్జ్ స్ఫటికం తోడైంది. చేతి గడియారంలో ఉండే అలాంటి స్ఫటికమే ఇక్కడ లయ కొడుతుంటుంది, మోటారు ఆ లయతో తన తిరుగుడును సరిపోల్చుకుంటూ పోతుంది. 2.9 కిలోల పళ్లెం బటన్ నొక్కిన పావు సెకనులో 33⅓ స్పీడు అందుకుంటుంది. స్పీడులో ఊగిసలాట 0.025 శాతమని కంపెనీ రాసింది. లోకంలో చాలా రేడియో స్టేషన్లు దీన్ని పెట్టుకున్నది ఆ ఊగిసలాట అంకె చూసి మాత్రమే కాదు, ఆ పావు సెకను కోసం. అనౌన్సరు మాట ముగిసీ ముగియగానే పాట మొదలవ్వాలి కదా.

మూటలో ఉన్న టోన్‌ఆర్మ్ ఇంగ్లండు ఎస్ఎంఈ 3009, సిరీస్ 2. ఆ కంపెనీ 2019 చివర్లో టోన్‌ఆర్ములు విడిగా అమ్మడం మానేసింది. దానికి ముందు ఏడాదే అమెరికా షూర్ కంపెనీ కార్ట్రిడ్జిల (టోన్‌ఆర్ము కొనన ముల్లును పట్టుకునే భాగాల) తయారీ ఆపేసింది. నాలాంటి చిన్న మెకానిక్కుకు ఈ వార్తలు ఊళ్లో ఎరిగినవాళ్లు పోయినట్టే ఉంటాయి. కానీ చిత్రమేమంటే, 2010లో ఆగిపోయిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుళ్ల వంశం 2016లో మళ్లీ పుట్టింది. 2018లో ఎస్పీ-10ఆర్ పేరుతో ఈ యంత్రానికి వారసుడు కూడా వచ్చాడు. అప్పట్లో ధర 10 వేల డాలర్ల దగ్గర. మా సారుకు ఆ మాట చెబితే "రాయచోటిలో రెండు సెంట్ల స్థలం," అని నవ్వారు.

ముందు కరెంటు

ఆగిపోయిన యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టే అలవాటు నాకు లేదు. మా గురువు నేర్పిన మొదటి పాఠం సిరీస్ బల్బు. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును వరసలో పెట్టి కరెంటిస్తే, లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, యంత్రం బతుకుతుంది. పవర్ సప్లై పెట్టెను విడిగా అలా పెట్టాను. బల్బు పూర్తి కాంతితో వెలిగింది.

మూత విప్పితే మొదట కనిపించింది ఫ్యూజు బదులు చుట్టిన రాగి తీగ. వెనకటి మెకానిక్కు ఎవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫ్యూజు పోయిందంటే అది పని చేసిందని అర్థం, దాన్ని శిక్షించకూడదు. అసలు జబ్బు కెపాసిటర్లది. కువైట్ ఎండ ఒకటి, రాయచోటి మిద్దె కింద అటక మీద ముప్ఫై మే నెలలు ఒకటి. పెద్ద కెపాసిటర్లు రెండు ఎండిపోయి ఉప్పు పట్టాయి, ఒకటి పూర్తిగా షార్టు. రెక్టిఫయరు డయోడు ఒకటి కాలింది. కనెక్టరు కాళ్ల దగ్గర సోల్డరు గుండ్రంగా పగిలింది, భూతద్దం పెడితేనే కనబడేంత సన్నగా.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చాను, 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం వేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఈ యంత్రంలో స్పీడు లెక్కచూసే ఐసీ ఇప్పుడెక్కడా తయారవడం లేదు. దానికి 5 వోల్టులే పోవాలి, అక్కడ వోల్టేజీ ఎగబాకిందా, ఐసీ పోతుంది, మిగిలేది మంచి బరువున్న పేపర్‌వెయిట్. అందుకని పవర్ సప్లైని మోటారుకు కలపకుండా, రెసిస్టర్లనే బరువుగా తగిలించి రెండు రోజులు నడిపాను. మధ్యాహ్నం కరెంటు కోతలో ఇన్వర్టరు మీదికి మారినప్పుడూ, సాయంత్రం వీధిలో అన్ని మోటార్లూ ఆడి వోల్టేజీ 190కి జారినప్పుడూ మీటరు చూశాను. 5 వోల్టుల లైను కదల్లేదు. అప్పుడే కలిపాను. పళ్లెం ఒక్క ఉదుటున తిరిగింది. సారు ఆ రోజు అంగట్లో లేరు. ఫోన్ చేస్తే "పాడతాందా?" అన్నారు. "తిరుగుతాంది సార్, పాడటానికి ఇంకా దూరముంది," అన్నాను.

టోన్‌ఆర్ముకు ఈ మోడల్లో అందరికీ తెలిసిన రోగమే వచ్చింది. వెనక బరువు దిమ్మను పట్టి ఉంచే రబ్బరు మెత్తబడి, బరువు తోకలా వంగిపోయింది. రబ్బరు మార్చితే నిటారైంది.

దిమ్మె

ఎస్పీ-10 అంటే మోటారు మాత్రమే. దాన్ని దేనిలో పొదుగుతామన్నది మన ఇష్టం. పాత చెక్క పలక చెదలు కొట్టింది. ఇంత బలమైన మోటారు పావు సెకనులో వేగం అందుకుంటే, తేలిక దిమ్మె దానికి వ్యతిరేక దిశలో తోపు తింటుంది. కాబట్టి బరువు కావాలి, ఆ బరువు మోగకూడదు కూడా.

విదేశాల్లో పాత గ్యారార్డు, లెంకో ప్లేయర్లకు పలకరాయి దిమ్మెలు చేయించుకునేవాళ్లున్నారు. మనం వెతుక్కోవాల్సిన పని లేదు. ఇంటి నేల నుంచి వంటగట్టు దాకా, చేను చుట్టూ పాతే రాతి కూసాల దాకా మనకున్నది అలాంటి పొరల బండే. యర్రగుంట్లకు పోయి పాలిష్ యూనిట్ల దగ్గర గంటసేపు బండలను వేలి కణుపుతో కొట్టి వింటూ తిరిగాను. గ్రానైటును కొడితే గంటలా సాగుతుంది. కడప నాపరాయి "టప్" మని అక్కడికే ఆగుతుంది, పొరలు పొరలుగా ఉండటం వల్ల కంపనం లోపలే చచ్చిపోతుంది. అక్కడి పనివాళ్లకు నేను పిచ్చోడిలా కనిపించి ఉంటాను. ఒకాయన "ఏం సామీ, టెంకాయలు ఏరుకుంటాండావా?" అన్నాడు.

60 సెంటీమీటర్ల పొడవు, 48 వెడల్పు, 2 మందం ఉన్న పలకలు రెండు తీసుకున్నాను. మోటారు గుంట కోసింది వంటగట్లకు సింకు గుంటలు కోసే మేస్త్రీ. అట్ట మీద గీసిన నమూనా ఇస్తే మిల్లీమీటరు తేడా రాకుండా కోశాడు. రెంటి మధ్య పలుచని రబ్బరు షీటు వేసి అతికించాం. గుంట పోగా 22 కిలోల దాకా తూగింది. టోన్‌ఆర్ముకు మాత్రం రాయిలో కాకుండా పక్కన టేకు చెక్క ముక్క బిగించాను. రేపు ఆర్ము మారిస్తే రాయి మళ్లీ కోయడం ఎవరి తరం?

పోలికలో నా తప్పు

ఇక సారు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఇక్కడ నేను చేసిన తప్పును కూడా రాయాలి, లేకపోతే ఇది కేస్ స్టడీ కాదు, ప్రకటన.

మొదటి పోలికలో టెక్నిక్స్ చిత్తుగా గెలిచింది. సారు కళ్లు చెమర్చాయి. మేనల్లుడు కూడా ఒప్పుకున్నాడు. రాత్రి ఇంటికిపోయి ఆలోచిస్తే సిగ్గేసింది. టెక్నిక్స్‌కు నేను పెట్టింది మైక్రోలైన్ అనే సన్నకొన కొత్త ముల్లున్న ఆడియో-టెక్నికా కార్ట్రిడ్జి. బెల్టు ప్లేయరుకు ఉన్నది డబ్బాలో వచ్చిన మామూలు ముల్లు. టెక్నిక్స్ రాయి మీద ఉంది. బెల్టు ప్లేయరు స్పీకర్లున్న టేబుల్ మీదే ఉంది, బేసు కొట్టినప్పుడల్లా దాని ముల్లు కూడా వణుకుతోంది. పైగా టెక్నిక్స్ శబ్దం కొంచెం ఎక్కువ. ఎక్కువ శబ్దం ఎప్పుడూ మేలనిపిస్తుంది, అంగట్లో స్పీకర్లు అమ్మే ప్రతివాడికీ తెలిసిన కిటుకు అది. పాతదాని మీద నాకున్న మోజు పోలికను ముందే నిర్ణయించేసింది.

రెండోసారి పద్ధతిగా చేశాం. ఒకే కార్ట్రిడ్జిని దాని తలతో సహా ఇటూ అటూ మార్చాను. బెల్టు ప్లేయరునూ వేరే బండ మీద, స్పీకర్లకు దూరంగా పెట్టాను. 1 కిలోహెర్ట్జ్ టోను వేసి స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ సమం చేశాను. రెంటికీ ఒకే ఫోనో ప్రీఆంప్లిఫయరు.

ఫోనో ప్రీఆంప్ గురించి ఒక మాట. సారు ఇంట్లో ఉన్న ఆంప్లిఫయరుకు రికార్డు ప్లేయరు పెట్టే చోటు లేదు, మేనల్లుడు దాన్ని ఆక్స్‌లో గుచ్చాడు. పాట డబ్బా రేడియోలా సన్నగా వచ్చింది. ఎల్పీ కోసేటప్పుడు బేసును తగ్గించి, పై స్వరాలను పెంచి కోస్తారు. ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్ దాకా తగ్గుదల. అలా చేయకపోతే బేసుకు గాడి వెడల్పై, ఒక పక్కకు పట్టుమని పది నిమిషాలు కూడా పట్టదు. వినేటప్పుడు ఆ లెక్కను తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీఆంప్. అది లేకుండా విని "ఎల్పీ ఏముంది, వట్టిదే" అనేవాళ్లు ఎందరో.

3150 హెర్ట్జ్ టోనున్న టెస్టు రికార్డు వేశాను. టెక్నిక్స్ మీద 3150. బెల్టు ప్లేయరు మీద 3169. అంటే 0.6 శాతం వేగం ఎక్కువ, శ్రుతి లెక్కలో సెమిటోనులో (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) పదోవంతు పైకి. ఇది మామూలు చెవికి తెలుస్తుందా అని మేనల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

దానికి సారు ఒక హార్మోనియం మాస్టరును పిలిపించారు. పాతికేళ్లు పద్యనాటకాలకు వాయించినాయన. ఆయన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చి, టెక్నిక్స్ మీద పాడుతున్న ఎల్పీ పద్యానికి దాన్ని సన్నగా తిప్పి కలిపారు. కలిసింది. పెట్టె ముట్టకుండా అదే ఎల్పీ బెల్టు ప్లేయరు మీద వేశాను. షడ్జమం దగ్గర గాయకుడు ఆగగానే శ్రుతికీ గొంతుకూ మధ్య "వావ్ వావ్" మని అల లేచింది. "ఈ పెట్టెలో శ్రుతి పైకి పోతాంది సామీ," అన్నారాయన. వివరించాల్సిన పనే లేకపోయింది.

బెల్టు ప్లేయరు అడుగున స్పీడు సరిచేసే చిన్న స్క్రూ ఉంది. తిప్పి 3150కి తెచ్చాను. ఇప్పుడు అసలు పరీక్ష. నలుగురు కూర్చున్నారు: సారు, అమ్మగారు, మేనల్లుడు, మాస్టరు. మధ్యలో దుప్పటి అడ్డం కట్టాం. ఏది పాడుతోందో ఎవరికీ తెలియదు. సినిమా పాటల్లో మొదటి ముగ్గురూ అటూ ఇటూ తడబడ్డారు. అమ్మగారు నాలుగో పాటకే "నాకు రెండూ ఒకటే, కాఫీ పెడతా" అని లేచారు. మాస్టరు మాత్రం పద్యాల మీద, నాదస్వరం మీద పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పారు. అది నాకు పెద్ద విషయంగానే తోచింది, అయినా తల ఎగరేయలేను: బొమ్మా బొరుసూ వేసినా పద్దెనిమిది విడతల్లో ఒకసారి అంత మంచి ఫలితం రావచ్చు. ఎలా పోల్చారని అడిగితే ఆయన చెప్పిన జవాబు నా మీటరుకు సరిపోయింది: "రాగం తీసి నిలబెట్టినప్పుడు ఒకదాంట్లో గొంతు గోడలా నిలబడుతుంది. ఇంకోదాంట్లో పరదాలా ఉంటుంది." బెల్టు ప్లేయరులో ఊగిసలాట నాకు 0.12 శాతం దాకా కనిపించింది. సినిమా పాటలో అర సెకనుకో స్వరం మారుతుంది కాబట్టి అది దాక్కుంటుంది. పద్యం చివర పాతిక సెకన్ల రాగం దాన్ని బయటపెడుతుంది. పాశ్చాత్యులు ఇందుకు పియానో వింటారు. మనకు పద్యం చాలు.

ఇంకో పరీక్ష సారుకు తెలియకుండా కలిపాను. టెక్నిక్స్ మీద పాడిన ఎల్పీనే 24 బిట్ల, 96 కిలోహెర్ట్జ్ ఫైలుగా ఎక్కించి, డ్యాక్ (ఫైలులోని అంకెలను ఆంప్లిఫయరుకిచ్చే సిగ్నలుగా మార్చే పెట్టె) ద్వారా వాయించాను. ప్లేటుకూ ఫైలుకూ తేడా మాస్టరు కూడా చెప్పలేకపోయారు. సారు కాస్త నొచ్చుకున్నారు. ఎల్పీలో ఏదో మాటలకందని వెచ్చదనం ఉందనీ అది డిజిటల్లోకి రాదనీ ఆయన నమ్మకం. ఆ వెచ్చదనం ఏదైతేనేం, ఫైల్లోకి వచ్చేసింది. 16 బిట్ల సీడీకే 96 డెసిబెల్స్ పరిధి ఉంది. మంచి ఎల్పీ కూడా 70 దగ్గర ఆగిపోతుంది. పెద్ద బిందెలో చిన్న చెంబు నీళ్లు పోస్తే ఒలికేదేముంటుంది?

బెజ్జం

ఇంత గొప్ప 0.025 శాతం మీద నేను గర్వపడుతుండగా ఒక ఎల్పీ నా గర్వమణిచింది. దాని మీద వీణ తాగినట్టు ఊగుతోంది. మోటారు చెడిందనుకున్నాను. మీటరు బాగానే ఉంది. టోన్‌ఆర్మును చూస్తే అర్థమైంది: ప్రతి చుట్టుకూ అది ఎడమకూ కుడికీ ఊగుతోంది. ప్లేటు మధ్య బెజ్జం పక్కకు పడింది.

లెక్క వేయండి. ముల్లు కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, బెజ్జం అర మిల్లీమీటరు పక్కకుంటే స్పీడు 0.5 శాతం పైకి, అంతే కిందికి ఊగుతుంది. యంత్రం ఊగిసలాటకు అది 20 రెట్లు. 33⅓ స్పీడులో 1.8 సెకన్లకొక ఊపు. అంటే ప్లేటు వంకరైతే లక్షల యంత్రం కూడా చేయగలిగింది లేదు. దీనికి మందు కనిపెట్టింది నాకామిచి. 1981లో వచ్చిన వాళ్ల టీఎక్స్-1000 ప్లేటు ఎంత పక్కకుందో తనే కొలిచి, పళ్లేన్నే జరిపి కేంద్రానికి తెచ్చేది. అదీ ఆగిపోయింది. ఇవాళ దుకాణంలో దొరికే ఏ మామూలు ప్లేయరులోనూ ఆ పని చేసే ఏర్పాటు లేదు. పాతవాటిలో పోయిందని నేను నిజంగా బాధపడేది ఏదైనా ఉంటే అదొక్కటే.

నా మందు మోటుది: బెజ్జాన్ని గుండ్రని ఆకురాయితో అర మిల్లీమీటరు పెద్దది చేసి, టోన్‌ఆర్ము ఊపు ఆగేదాకా ప్లేటును వేలితో జరిపి పెట్టడం. సారు ఒప్పుకోలేదు. "నాయన ప్లేట్లకు ఆకురాయి పెడతావా?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. చివరికి ఆయన స్వయంగా కొన్న ఎల్పీల్లో మరీ ఊగే మూడింటికి ఒప్పుకున్నారు. నాయన ప్లేట్ల జోలికి పోలేదు. వాటిలో ఊగేవాటిని ఎక్కించాక కంప్యూటర్లో సరిచేస్తున్నాను. ఆధునిక పరికరం పాతదాన్ని నిజంగా మించేది ఇలాంటి చోట్లే.

లక్క ప్లేట్లు

78ల పని వేరే లోకం. వాటికి గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు కొన 18 నుంచి 25 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 78కి 75 మైక్రాన్లు కావాలి. సన్న ముల్లు పెడితే గాడి అడుక్కు పడి చెత్త గీకుతుంది. అదృష్టం కొద్దీ నేను పెట్టిన కార్ట్రిడ్జికి 78 ముల్లు కూడా విడిగా దొరుకుతుంది, దేహం అదే. ఈ ప్లేట్లు మోనో కాబట్టి రెండు ఛానళ్లనూ కలిపేస్తే ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే గరగర చాలావరకు తనలో తానే కొట్టుకుపోతుంది.

ఆర్ఐఏఏ లెక్క 1954 నాటిది. అంతకుముందు ప్లేట్లకు అది పనికిరాదు, కంపెనీకొక లెక్క ఉండేది. ప్రీఆంప్‌లో ఉన్న ఒకే ఒక్క లెక్కతో వింటే పై స్వరాలు మూగపోతాయి. కాబట్టి ఎక్కించాక కంప్యూటర్లో విడిగా దిద్దాలి. స్పీడూ అంతే. పేరుకు 78, నిజానికి చాలా పాతవి 76 అయ్యుండొచ్చు, 80 అయ్యుండొచ్చు. ఎస్పీ-10 మార్క్ 2కు స్పీడు తిప్పే మీట లేదు, క్వార్ట్జ్ పట్టిన పట్టు వదలదు. అందుకని కచ్చితంగా 78.26 దగ్గర ఎక్కించి, మాస్టరు పక్కన కూర్చుంటే ఆ ప్లేటులోని హార్మోనియం ఏ కట్టలో, అంటే ఏ శ్రుతిలో, మోగాలో ఆయన చెబుతున్నారు, నేను ఫైలును అటు జరుపుతున్నాను. కదలని యంత్రం ఇక్కడ పెద్ద ఆస్తి. అన్ని ప్లేట్లకూ తప్పు ఒకే కొలత నుంచి మొదలైతే దిద్దడం తేలిక.

శుభ్రం చేయడంలో ఒక అనర్థం జరిగింది, అది నా అంగడికి రాకముందే. ఇంట్లో మిగిలిన శానిటైజరుతో మేనల్లుడు ఒక 78 ప్లేటును తుడిచాడు. ఎల్పీలు వినైలు అనే ప్లాస్టిక్కువి, కొంచెం ఆల్కహాలుకు తట్టుకుంటాయి. 78లు లక్కతో చేసినవి. చెక్కకు పాలిష్ కొట్టే మేస్త్రీని అడిగినా చెబుతాడు, లక్క పెచ్చులు కరిగేది స్పిరిట్లోనే అని. తుడిచిన చోట గాడి పైభాగం మసకబారి జిగురైంది. మిగతా 63 ప్లేట్లనూ డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల సబ్బు ద్రవం, మెత్తని బ్రష్షు, వెంటనే నీడలో ఆరబెట్టడం. అంతకుమించి ఏమీ చేయలేదు. మే నెలలో కాబట్టి ఆరడానికి పది నిమిషాలు పట్టలేదు.

చివరికి ఏం తేల్చాం

సారుకు నేను చెప్పింది ఇది. పాతదాంట్లో ఉంచుకోదగ్గది తిరిగే భాగం: మోటారు, ఇరుసు, పళ్లెం, ఆ స్పీడు లెక్క. దానికి సరితూగేది ఇవాళ కొత్తగా కొనాలంటే మామూలు జీతగాడి చేతికి అందదు. ముల్లు, ప్రీఆంప్, కెపాసిటర్లు, ఎక్కించే కంప్యూటరు, వినే డ్యాక్ మాత్రం కొత్తవే కావాలి. వీటిలో పాతవాటి మీద భక్తి పెట్టుకుంటే నష్టపోయేది మనమే. ఎక్కించే పని లేకుండా ఆదివారం నాలుగు పాటలు వినడానికే అయితే స్పీడు సరిచేసిన బెల్టు ప్లేయరు చాలు. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను. దాన్ని మేనల్లుడు తీసుకుపోయాడు. తిట్టుకోలేదు, శ్రుతిపెట్టె యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని ఇప్పుడు ప్రతి పాటకూ పెట్టి చూస్తున్నాడట.

మొత్తం బిల్లులో సగం కార్ట్రిడ్జి, రెండు ముళ్లకే పోయింది. రాయికీ కోతకూ కలిపి 6,500. నా కూలి నేను తగ్గించుకున్నాను, అది వ్యాపారం కాదు, ఆ పళ్లెం తిరుగుతుంటే చూడటం నాకూ ఇష్టమే. ఐసీ సంగతి మాత్రం రాసి సంతకం పెట్టించుకున్నాను: అది పోతే నా పూచీ లేదు. అందుకే ముందు 78లు పూర్తిచేస్తున్నాం, యంత్రం ఆరోగ్యంగా ఉన్నంతలో.

యాభై రెండు ప్లేట్లు ఎక్కించాం, పదకొండు మిగిలాయి. శానిటైజరు తగిలిన ప్లేటు ఇంకా నా బల్ల మీదే ఉంది. గాడి పైభాగం చెడింది గానీ కింది భాగం బాగుండే అవకాశం ఉంది. 75 మైక్రాన్ల కంటే కొంచెం సన్న ముల్లయితే ఆ కింది గోడల మీద నడుస్తుంది. 65 మైక్రాన్లది ఒకటి చెప్పి తెప్పిస్తున్నాను. వచ్చే వారం వస్తుంది.